త్రాగనివాడెవడు?

మద్యపానమును గూర్చి పల్లెలో నెక్కడ ప్రస్తావన వచ్చినను రచ్చబండమీద రెండు సాక్ష్యములు తప్పక వినవచ్చును. ఫలానివాడు నిత్యము తాటికల్లు త్రాగియు తొంబదియేండ్లు బ్రదికెను, కడవఱకు చేతికఱ్ఱ పట్టక నడచెను అనునది మొదటిది. ఫలానివాడు జన్మమున చుక్క ముట్టలేదు, ఐనను నలువదియైదవయేట గుండె యాగి పోయెను అనునది రెండవది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి, "కొంచెముగా పుచ్చుకొనిన ఒంటికి మంచిదేనట, పెద్దపెద్ద డాక్టర్లే చెప్పినారట" అని యెవరో యొకరు తీర్పు చెప్పుదురు. అక్కడితో సభ ముగియును.

ఆ "చెప్పినారట" అను మాట కేవలము కల్ల గాదు. నిజముగనే చెప్పినారు. సుమారు ముప్పదియేండ్లపాటు గొప్ప వైద్యులును, గొప్ప వైద్యపత్రికలును ఆ మాటను చెప్పుచు వచ్చినవి. పిమ్మట వారిలో పలువురు దానిని వెనుకకు తీసికొనవలసి వచ్చినది. చెప్పుట యెట్లు జరిగెనో, వెనుకకు తీసికొనుట యెట్లు జరిగెనో నేడు మనవి చేయదలచితిని. ఈ కథలో అందఱును త్రాగువాని చుట్టును తిరిగిరి. త్రాగనివాడెవడు, అతడేల త్రాగడు అను ప్రశ్న మిక్కిలి ఆలస్యముగా పుట్టినది. ఆ ప్రశ్న పుట్టిన దినమున లెక్కలన్నియు తలక్రిందులైనవి.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున దాపరికము లేక వ్రాసిరి. చరకసంహితలోని చికిత్సాస్థానమున ఇరువదినాల్గవ యధ్యాయము మదాత్యయమునకు, అనగా మద్యమువలన గలుగు రోగములకు, కేటాయింపబడినది. దేశకాలములను, దేహబలమును ఎఱిగి, తగిన యన్నముతో, తగిన మాత్రలో సేవించినచో మద్యము అమృతమువంటి దనియు, విధి తప్పినచో విషమువంటి దనియు అందు చెప్పిరి. మత్తునకు మూడవస్థలను వర్ణించిరి. మొదటిదానియందు ఉల్లాసము, రెండవదానియందు మాట తడబాటును మఱపును, మూడవదానియందు విఱిగిన కొయ్యవలె పడియుండుట. సుశ్రుతుడు శస్త్రము చేయుటకు ముందు, అలవాటున్న రోగికి బాధ తెలియకుండుటకై మద్యము త్రాగింపుమనెను. మత్తుమందులు లేని కాలమున అది గొప్ప యుపకారమే. మన యిండ్లలో నేటికిని వాడుకలోనున్న ద్రాక్షాసవ దశమూలారిష్టములయందును, పులియుటచే పుట్టిన మద్యసారము కొంచెముండును. కావున మద్యమును మందుగా వాడిరనుట సత్యము. కాని మందునకు మోతాదు గలదు, పథ్యము గలదు, రోగము తీరిన నాడు సీసాకు బిరడా బిగించుట గలదు. కల్లుపాకలో కూర్చుండి చరకుని పేరు చెప్పువారు ఆ గ్రంథమునుండి అమృతమువఱకే చదివి, విషము దగ్గఱ పుస్తకము మూసివేయుదురు.

ఐరోపాఖండమునను 19వ శతాబ్దిలో ఇట్టి నమ్మికయే యుండెను. లండను నగరమున రాబర్టు బెంట్లీ టాడ్ అను ప్రసిద్ధ వైద్యుడు జ్వరరోగులకు దినమంతయు విడువక బ్రాంది పోయించుచుండెను. వేడినీళ్లు కలిపిన మద్యమునకు ఆంగ్లమున "టాడీ" యని పేరుండుటచే, ఈయన పేరే దానికి వచ్చినదని కొందఱు భ్రమపడిరి. అది మన దేశపు తాడిచెట్టు పేరు. ఓడలెక్కి సీమకు పోయిన మాట. చలికి బ్రాంది వేడి యను తలంపు అక్కడను గలదు, ఇక్కడను గలదు. నిజము వేఱు. మద్యము చర్మములోని రక్తనాళములను విప్పారజేయును. లోపలి వెచ్చదనము పైకి వచ్చి మనకు వేడిగా తోచును, అంతలో గాలికి పోవును. దేహము మునుపటికంటె చల్లబడును. మంచుపడు రాత్రి చేనికావలికి పోవువాడు దీని నెఱిగియుండుట మంచిది. 1873లో లండనులో మద్యము లేకయే చికిత్స చేయుటకై ప్రత్యేకముగా నొక ఆసుపత్రి తెఱువబడెను. బ్రాంది లేనిచో రోగి బ్రదుకునా యని సందేహించినవారికి అక్కడి రోగులు కోలుకొని యింటికి పోవుటయే సమాధానమయ్యెను.

ఇక లెక్కల కథకు వత్తము. అది వైద్యశాలలో గాక, జీవిత భీమా కచేరీలో మొదలైనది.

1840 ప్రాంతమున ఇంగ్లండులో రాబర్టు వార్నరు అను క్వేకరు మతస్థుడు తన ప్రాణమునకు భీమా చేయింప బోయెను. ఆయన మద్యము ముట్టనివాడు. ఆ సంగతి తెలిసిన భీమావారు, ఇతరులకంటె నెక్కువ రుసుము కట్టవలయుననిరి. కారణమేమనగా, బీరు బలము నిచ్చునని ఆనాటి వారి విశ్వాసము. దానిని మానినవాడు దుర్బలుడై త్వరగా చచ్చునని వారి భయము. వార్నరు ఊరకుండక, మద్యము ముట్టనివారి కొఱకే 1840లో మఱియొక భీమా సంఘమును స్థాపింపజేసెను. కొన్నియేండ్లకు త్రాగువారిని గూడ అందు చేర్చుకొనిరి గాని, ముట్టనివారి ఖాతా వేఱు, తక్కినవారి ఖాతా వేఱుగా నుంచిరి. ఆ రెండు ఖాతాలును ఏబదియేండ్లకు పైగా నడచినవి. ఏటేట ఎంతమంది చచ్చిరో పద్దులలో నుండెను. త్రాగనివారి ఖాతాలో మరణములు స్పష్టముగా తక్కువ.

మద్యవర్జనవాదులు దీనిని చూపి జయము చాటిరి. కాని నిదానించి చూచువారు ఒక యాక్షేపణ చెప్పిరి. ఆ ఖాతాలో చేరినవారెవరు? ప్రతిజ్ఞ పట్టి మద్యమును విసర్జించినవారు. అట్టివారు సాధారణముగా పొదుపరులు, భక్తిపరులు, వేళకు తిని వేళకు నిద్రించువారు. వారి యాయుస్సునకు మద్యము లేకుండుట ఎంత కారణము, తక్కిన నడవడి యెంత కారణము? ఈ యాక్షేపణ న్యాయమైనదే. త్రాగనివాడెవడను ప్రశ్నకు ఇదియే తొలి మొలక. ఐనను దానిని వెంటబడి పరిశీలించినవారు అప్పటికి లేకపోయిరి.

1926లో అమెరికాదేశమున బాల్టిమోరు నగరములో రేమండు పెర్లు అను శాస్త్రజ్ఞుడు మద్యమును ఆయుర్దాయమును గూర్చి యొక పుస్తకమును ప్రకటించెను. ఆ దేశమున 1920 మొదలు 1933 వఱకు మద్యము నిషిద్ధము. ఆ నిషేధము నడుమనే వచ్చిన ఈ పుస్తకము, అతిగా త్రాగువారు త్వరగా చచ్చుచున్నారనియు, మితముగా త్రాగువారు మాత్రము త్రాగనివారికి తీసిపోలేదనియు, సరికదా వారికంటె నొకింత మేలుగ నున్నారనియు చెప్పెను. 1974లో కాలిఫోర్నియాలో ఆర్థరు క్లాట్‌స్కీయను వైద్యుడును, ఆయన సహచరులును గుండెపోటు వచ్చిన రోగుల పూర్వపు పత్రములను తిరుగవేసి, వారిలో త్రాగనివారే యెక్కువగా నుండుటను చూచిరి. 1979లో లాన్సెటు పత్రికయందు 18 దేశముల లెక్కలు వచ్చెను. ద్రాక్షసారాయి యెక్కువగా త్రాగు దేశములలో గుండెజబ్బు మరణములు తక్కువగ నుండెను.

ఈ లెక్కలను గీత గీచి చూపినచో ఉయ్యాలత్రాడువలె నుండును. ఒక కొస త్రాగనివారు, అది కొంచె మెత్తు. రెండవ కొస అతిగా త్రాగువారు, అది మిక్కిలి యెత్తు. నడుమ మితముగా త్రాగువారు, అచ్చట త్రాడు క్రిందికి వ్రేలాడును, అనగా మరణములు తక్కువ. ఏ దేశమున లెక్కించినను ఇంచుమించుగా ఈ యుయ్యాలయే కనబడుచు వచ్చెను. దానికి కారణములును చెప్పిరి. మద్యము రక్తములోని మంచి క్రొవ్వును పెంచుననియు, రక్తము గడ్డకట్టు స్వభావమును తగ్గించుననియు చెప్పిరి. అవి కేవలము కల్పనలు గావు.

పిమ్మట 1991 నవంబరు 17వ తేదీన అమెరికా టెలివిజనులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెర్జు రెనో కనిపించెను. ఫ్రాన్సు ప్రజలు వెన్న, జున్ను దండిగా తిందురు. ఐనను వారికి గుండెపోటు మరణములు తక్కువ. ఈ చిత్రమునకు ఎఱ్ఱద్రాక్ష సారాయియే కారణము కావచ్చునని ఆ కార్యక్రమమున సూచింపబడెను. తరువాతి వారములలో అమెరికాలో ఎఱ్ఱసారాయి యమ్మకము ఒక్క పెట్టున పెరిగెను. ద్రాక్షతొక్కలో నుండు ఒకానొక పదార్థమును పట్టుకొని, అదియే సంజీవని యన్నవారును బయలుదేరిరి. ఎలుకలకు పెట్టి చూచినంత మోతాదు మనుష్యునికి సారాయి ద్వారమున రావలెనన్న దినమునకు వందలకొలది సీసాలు త్రాగవలసి యుండును. ఆ సంగతి సీసాల నమ్మువారు ప్రకటనలలో వేయలేదు.

మన పల్లెదాక వచ్చిన "చెప్పినారట" అనునది ఈ కాలపు మాట. ఫ్రాన్సులో భోజనముతో పుచ్చుకొను ఒక గ్లాసు ద్రాక్షరసమును గూర్చి చెప్పినది, ఇక్కడికి వచ్చుసరికి సందెవేళ ఖాళీకడుపున పోసికొను సారాకు వర్తించినది.

ఈ సంబరమునకు మూడేండ్ల ముందే, 1988లో, ఇంగ్లండునుండి ఒక హెచ్చరిక వచ్చియుండెను. షేపరు అను ఆచార్యుడును ఆయన సహచరులును బ్రిటనులోని 24 పట్టణములనుండి 40 మొదలు 59 ఏండ్ల వయస్సుగల 7,735 మంది పురుషులను ఎన్నుకొని, సంవత్సరముల తరబడి కనిపెట్టి చూచుచుండిరి. వారును ఉయ్యాలత్రాటిని చూచిరి. కాని వారు త్రాటి మొదటి కొసకు పోయి, అక్కడ కూర్చున్నవారిని ఒక్కొక్కరిని "అయ్యా, నీ వెన్నడును త్రాగలేదా, లేక త్రాగి మానితివా?" అని యడిగినట్లు పరిశీలించిరి.

ఇది మన యూళ్లలో చూచి యెఱిగిన సంగతియే. ఇరువదియేండ్లు త్రాగినవానికి కాలేయము చెడును, కాళ్లు పొంగును, కన్నులు పచ్చబడును. పట్నమున వైద్యుడు "ఇక ముట్టినచో బ్రదుకవు" అనును. భయముతో మానును. ఆరునెలలకో, రెండేండ్లకో చచ్చును. జనాభా లెక్క వ్రాయువాడు వచ్చి అడిగిన దినమున అతడు "త్రాగను" అని నిజమే చెప్పెను. లెక్కలో త్రాగనివాడుగా పోయెను. అతనిని చంపినది మద్యము. ఆ మరణము పడినది మాత్రము త్రాగనివారి ఖాతాలో. ఇట్టివారు నూటికి పదిమంది యున్నను, త్రాగనివారి పద్దు చెడును. దాని ప్రక్కన మితముగా త్రాగువాడు ఆరోగ్యవంతునిగా కనబడును. షేపరు చూచినది ఇదియే. త్రాగనివారను వరుసలో వెనుక త్రాగినవారు పెక్కుమంది యుండిరి, వారికి రక్తపుపోటు, మధుమేహము, రొమ్ముపడిశెము మున్నగు జబ్బులు అప్పటికే యుండెను. మనుష్యుడు జబ్బుపడినకొలది త్రాగుడు తగ్గించుకొని త్రాగనివారి వరుసకు జరుగుచుండును. ఇక జన్మమున త్రాగనివారు గూడ ఆ దేశమున అందఱివంటివారు గారు. చిన్ననాటినుండియు ఒంటిలో బాగులేనివారును, చేతిలో డబ్బులేనివారును వారిలో నెక్కువ.

త్రాటి నడిమి భాగమును చూచిన మఱియొక సంగతి తెలియును. దినమునకు ఒక్క గ్లాసుతో నిలుపగలవాడెవడు? ఉద్యోగము, చదువు, మంచి యిల్లు, మంచి తిండి, వ్యాయామమునకు తీరిక గలవాడు. అతని గుండెకు మేలుచేసినది గ్లాసులోని ద్రవమో, గ్లాసు పట్టిన చేతికి గల సంపదయో యెట్లు తేల్చుట?

తేల్చుటకు సరియైన మార్గ మొకటి గలదు. వేలమందిని చేర్చి, చీట్లు వేసి, సగముమందిని దినమునకింత త్రాగుడనియు, సగముమందిని ముట్టవలదనియు కొన్ని సంవత్సరములు నడపి చూచుట. అమెరికా ప్రభుత్వ ఆరోగ్యపరిశోధన శాఖ దాదాపు 7,800 మందితో అట్టి పరీక్ష నారంభించెను. ఖర్చు పది కోట్ల డాలర్లు, అందులో అధికభాగము మద్యపు కంపెనీల విరాళము. ఆ విరాళముకొఱకై పరిశోధకులును అధికారులును ముందుగా కంపెనీలవారితో మంతనములాడిరని పత్రికలలో వచ్చెను. విచారణ జరిగెను. 2018 జూనులో పరీక్ష రద్దయ్యెను. అప్పటికి చేరినవారు నూటయైదుగురు మాత్రమే. కల్లుపాట పాడినవానినే కల్లు మంచిచెడ్డలకు మధ్యవర్తిగా కూర్చుండబెట్టినట్లైనదని నాకు తోచినది.

మనుష్యులు వేయలేకపోయిన చీట్లను ప్రకృతియే వేసియుండెనని చీనాదేశమున కనుగొనిరి. మద్యము కడుపులో పడినపిమ్మట దేహము దానిని రెండు మెట్లలో విఱుగగొట్టును. మొదటి మెట్టున అది ఎసిటాల్డిహైడు అను విషపదార్థ మగును. రెండవ మెట్టున ఆ విషము విఱిగి నిరపాయకర మగును. చీనా, జపాను, కొరియా దేశములలో చాలమందికి పుట్టుకతోనే ఈ రెండవ మెట్టు బలహీనము. వారు కొంచెము త్రాగినను ముఖము కందిపోవును, గుండె దడదడలాడును, వాంతివచ్చినట్లుండును. కావున వారు త్రాగరు, లేదా మిక్కిలి తక్కువగా త్రాగుదురు. ఈ లక్షణము తల్లిదండ్రులనుండి వచ్చునది. ధనికుడా, దరిద్రుడా, రోగియా, ఆరోగ్యవంతుడా యని చూచి వచ్చునది గాదు. ఇదియే ప్రకృతి వేసిన చీటి.

చీనాలోని పది ప్రాంతములలో ఐదులక్షలకు పైబడిన జనమును పదియేండ్లపాటు పరిశీలించి, వారిలో సుమారు 1,60,000 మందికి ఈ పుట్టుక లక్షణమును పరీక్షించి, 2019లో లాన్సెటు పత్రికలో ఫలితములు ప్రకటించిరి. మామూలుగా "ఎంత త్రాగుదువు" అని యడిగి లెక్కించినప్పుడు పాత యుయ్యాలత్రాడే కనబడెను. పుట్టుక చీటినిబట్టి లెక్కించినప్పుడు త్రాడు మాయమై మెట్లవరుస కనబడెను. త్రాగుడు పెరిగినకొలది రక్తపుపోటు పెరిగెను, మెదడు నరములు పగులుటవలనను పూడుటవలనను వచ్చు పక్షవాతము పెరిగెను. తగ్గిన మెట్టు ఒక్కటియు లేదు. గుండెపోటు విషయమున మేలును స్పష్టముగా లేదు, కీడును స్పష్టముగా లేదు. ఆ లక్షణమే స్వయముగా ఆరోగ్యమును మార్చుచున్నదేమో యను సందేహమును గూడ తీర్చుకొనిరి. అక్కడి స్త్రీలలో త్రాగువారు మిక్కిలి తక్కువ. అదే లక్షణము వారిలో ఉన్నను లేకున్నను పక్షవాతమున భేదము కనబడలేదు. కావున మార్పు తెచ్చినది త్రాగుడే.

వాదము పూర్తిగా ముగిసినదని చెప్పినచో నేను సత్యమునకు ద్రోహము చేసినవాడ నగుదును. 2024 డిసెంబరులో అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తులవారి నివేదిక యొకటి వెలువడినది. వెనుక త్రాగి మానినవారిని ఏరివేసి చూచినను మితపానులలో మరణములు కొంత తక్కువగ నున్నవనియు, అదే మితపానము స్త్రీలలో రొమ్ముక్యాన్సరును పెంచుచున్నదనియు అందు చెప్పిరి. మానినవారిని ఏరివేయవచ్చును, సంపదను, చదువును ఏరివేయుట అంత సులభము గాదు. అందుచే నాకు చీనా చీట్లమీదనే గుఱి యెక్కువ.

మన దేశపు గుండెల సంగతి వేఱుగా చూచినవారును గలరు. 52 దేశములలో గుండెపోటు వచ్చినవారిని, రానివారిని పోల్చి 2004లో ప్రకటించిన పరిశోధనలో మద్యమునకు కొంచెము మేలు కనబడెను. భారతదేశము, ప్రక్కదేశముల వారి లెక్కలను విడదీసి 2007లో చూచినప్పుడు ఆ కొంచెము మేలును కనబడలేదు.

"మితము" అను మాటకు కొలత యేమి? విదేశపు పరిశోధనలలో ఒక పానమనగా సుమారు 10 మొదలు 14 గ్రాముల మద్యసారము. మన దుకాణములలో అమ్ము క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు. బ్రాంది, విస్కీలలో మద్యసారము నూటికి 42.8 పాళ్లు, లెక్కవేసిన దాదాపు 60 గ్రాములు. అనగా "నేను మితముగా ఒక్క క్వార్టరే" అనువాడు, ఆ పరిశోధనల మితమునకు నాలుగైదు రెట్లు ఒక్క పూటలో పుచ్చుకొనుచున్నాడు. కల్లు పలుచన, నిజమే. తెల్లవారకముందు సున్నము పూసిన ముంతలో దించిన నీరాలో మద్యమే యుండదు, చక్కెర యుండును, పోషణ యుండును. ఎండ యెక్కినకొలది అది పులిసి కల్లగును. కాని ముంతల లెక్క పెరిగినచో పలుచదనము ఏమి యక్కఱకు వచ్చును? కల్లులో క్లోరలు హైడ్రేటు మున్నగు నిద్రమందులను కలిపి యమ్మినవారి కథలును తెలంగాణమున చాల విన్నాము. అట్టిది త్రాగి అలవాటైనవాడు కల్లు దొరకని నాడు పిచ్చివానివలె ప్రవర్తించును.

గుండె నొకప్రక్క నుంచినను క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అనునది, గలదు. 1988లోనే ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాలయము, ఫ్రాన్సుదేశపు లియాన్ నగరముననే, మద్యమును నిస్సందేహముగా క్యాన్సరు కలిగించు పదార్థముల పట్టికలో చేర్చెను. నోరు, గొంతు, అన్ననాళము, కాలేయము దానికి గుఱియగు స్థానములు. చుట్టయు సారాయు కలిసినచోట నోటికి గొంతునకు అపాయము రెండు కూడిక గాక గుణకారమగును. 2023 జనవరిలో ఆ సంస్థవారు, ఆరోగ్యమునకు అపాయము లేని మద్యపు మోతాదు ఏదియు లేదని ప్రకటించిరి. 2019 సంవత్సరమున లోకమంతటను మద్యమువలన 26 లక్షలమంది మరణించిరని వారి లెక్క.

ఇంతవఱకు చెప్పినది త్రాగినవాని దేహము సంగతి. త్రాగనివాడెవడను ప్రశ్నకు మన తెలుగుదేశమున మఱియొక సమాధానము పుట్టినది. నెల్లూరు జిల్లాలో 1990 తరువాత సాగిన అక్షరాస్యతా ఉద్యమములో స్త్రీలు రాత్రిబడులకు వచ్చిరి. చదివిన పాఠములలో తమ బ్రదుకును చూచుకొనిరి. 1992లో దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మయు తక్కిన స్త్రీలును సారాదుకాణమును మూయించిరి. వారిలో త్రాగినవారు లేరు. కాని కూలిడబ్బు పోయినది వారిది, దెబ్బలు తిన్నది వారు, పస్తులున్నది వారి పిల్లలు. లండనులోను బాల్టిమోరులోను వ్రాసిన ఖాతాలలో ఇట్టి త్రాగనివారికి గడి లేదు. అక్కడ త్రాగినవానికి ఏమైనదని యడిగిరి గాని, త్రాగినవాని ప్రక్కన పడుకొన్నదానికి ఏమైనదని యడుగలేదు.

ఆ కబురు ఊరూర ప్రాకెను. నెల్లూరులో సారాపాటలు స్త్రీలు అడ్డగించుటచే పలుమాఱులు వాయిదాపడెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము మద్యమంతటిని నిషేధించెను. 1997 ఏప్రిలులో ఆ నిషేధము సడలింపబడి మద్యపు దుకాణములు మరల తెఱచుకొన్నవి. అంతకు పూర్వము 1937లో సేలముతో మొదలై, 1938లో చిత్తూరు కడప జిల్లాలకు వచ్చిన నిషేధపు కథ వేఱొక ప్రసంగమునకు చాలినంత గలదు.

నిషేధమున్నను లేకున్నను ఊరిపెద్దల యెదుటికి వచ్చు పని యొకటి గలదు. భార్య యేడ్చియో, పెద్దలు మందలించియో, దేవుని యెదుట ప్రమాణము చేయించియో, ఏండ్లతరబడి నిత్యము త్రాగినవానిచే ఒక్కనాట మాన్పింతురు. సంతోషమే. కాని మానిన రెండవనాడో మూడవనాడో అట్టివానికి చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును. దయ్యము పట్టినదని భూతవైద్యుని పిలుతురు, లేదా మరల ఇంత పోసి నెమ్మదిపఱతురు. అది దయ్యము గాదు. మెదడు మద్యమునకు అలవాటుపడి, అది అకస్మాత్తుగా ఆగినందున గలుగు రోగము. ప్రాణము పోయినవారును గలరు. దీనికి ఆసుపత్రిలో మందులు గలవు, సూదిమందుగా ఇచ్చు బి-విటమిను గలదు, ఒక వారము పది దినములలో కుదుటబడును. కావున ప్రమాణము చేయించు దినమునకు ముందే అతనిని వైద్యునికి చూపి, ఆ మొదటి వారము ఒంటరిగా నుండనీయకుడు.